జాడ తుడుచుకున్న ఇవాంజలిన్

మలేషియాలోని క్లాంగ్ పట్నంలో తెలుగు క్రైస్తవుల ఇళ్ళు ఎన్ని ఉన్నాయని అడిగితే అచ్చయ్య పెద్దాయన వేళ్ళు ముడవడం మొదలుపెడతాడు గానీ, ఒకరి పిల్ల తమిళుల ఇంటికి కోడలై పోవడమో, ఇంకొకరు ఇంగ్లీషు చర్చికి మారిపోవడమో మధ్యలో గుర్తొచ్చి లెక్క వదిలేస్తాడు. మిగిలిన కాసిని కుటుంబాలు నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో చేరతాయి. దాన్ని కూడిక అంటారు. పాటలు సగం తమిళం, ప్రార్థన ముప్పాతిక ఇంగ్లీషు, ఆ తర్వాత తిండి మాత్రం అచ్చంగా ఈ దేశపుది: బియ్యపు సేమ్యాతో చేసే మీహూన్ వేపుడు, సంబల్ కారం, కుయేలనే తీపి పిండివంటలు. తెలుగు అనేది అక్కడ గట్టిగా వినపడే చోటు ఒక్కటే. ఇవాంజలిన్ లేచి వాక్యం చదివేటప్పుడు.

ఇవాంజలిన్‌కి అరవై దాటాయి. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు నికొలస్, కోడలు జాక్వెలిన్, తను, ఇంట్లో అంతే. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఇంటి కప్పుకి తగులుతుంది. తండ్రి నాటి నల్ల అట్ట పాత బైబిలు గ్రంథం ఎడమ చేతిలో తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, వరస వెంట వేలు నడిపిస్తూ ఆమె చదువుతుంటే పాపమ్మ లాంటి ముసలమ్మలు కళ్ళు తుడుచుకుంటారు. ప్రకాశం కూతురంటే ప్రకాశం కూతురే అని మెచ్చుకుంటారు. ఇవాంజలిన్ తల వంచుకుని, అదంతా దేవుడి దయ అంటుంది. ఆ మాట కూడా చాలా బాగా అంటుంది.

నిజం చెప్పుకోవాలంటే ఆమెకు తెలుగు చదవడం రాదు. ఒక్క అక్షరం రాదు.

ఆమె పుట్టింది హుటాన్ మెలింటాంగ్ అవతల ఒక కొబ్బరి ఎస్టేటులో. తండ్రి ప్రకాశం వారమంతా కొబ్బరికాయలు ఒలిచి, ఆదివారం లయన్లనే కూలీల ఇళ్ళ వరసల ముందు తెలుగువాళ్ళందరినీ కూర్చోబెట్టి వాక్యం చదివేవాడు. ఒళ్ళో కూతురు. ఆ చదివిందంతా పిల్ల పాటలు పట్టేసినట్టు పట్టేసింది. అక్షరాలు నేర్పుదామని తండ్రి అనుకుంటూ ఉండగానే జ్వరం వచ్చి పోయాడు. ఎస్టేటులో ఉన్నది తమిళ బడి. అలా ఆమెకు తమిళం వచ్చింది, మలాయి వచ్చింది, అవసరానికి ఇంగ్లీషూ వచ్చింది. తెలుగు నోటికే ఉండిపోయింది.

పెళ్ళయి క్లాంగ్ వచ్చిన కొత్తలో మొదటి కూడికలో ఎవరో గ్రంథం తెచ్చి చేతిలో పెట్టి, “ప్రకాశం కూతురివి, సదవమ్మా,” అన్నారు. ఆమె తనకు వచ్చునని అనలేదు. రాదనీ అనలేదు. పుస్తకం తెరిచి, కంఠతా ఉన్నది అప్పజెప్పేసింది. అందరూ ఆహా అన్నారు. అప్పుడు రాదని చెప్పి ఉంటే చిన్న మాట. పదేళ్ళ తర్వాత చెబితే పెద్ద మాట. నలభై ఏళ్ళ తర్వాత చెప్పాలంటే నోరే పెగలదు. ఇలాంటివి వయసుతో పాటు ముదురుతాయి గానీ తగ్గవు.

ఈ ఏడాది అచ్చయ్య పెద్దాయనకి ఒక ఆలోచన వచ్చింది. ఎప్పుడూ అవే నాలుగు వాక్యాలు ఎందుకు, ఇక నుంచి మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుందాం అన్నాడు. పెద్దలకి పనిలేనప్పుడు వచ్చే ఆలోచనలు ఇలాగే ఉంటాయి. ఇవాంజలిన్‌కి కంఠతా రానివి అందులో బోలెడు. కళ్ళకు శుక్లాలు వచ్చాయి, మసకగా ఉంది అని చెప్పి కొన్నాళ్ళు తప్పించుకుంది. అందులో కొంత నిజమే కావడంతో నికొలస్ వెంటబడి ఆపరేషన్ చేయించాడు. ఆ పాడు ఆపరేషన్ చక్కగా జరిగింది. చూపు కడిగిన అద్దంలా వచ్చింది. ఇక ఏ సాకూ మిగల్లేదు.

నేర్చుకోవాలి. అదొక్కటే దారి. ఎవరిని అడుగుతుంది? అడిగితే బండారం బయటపడుతుంది. ఇంట్లో హాలు మూలన ఒక కంప్యూటరు ఉంది. అందరూ ఇళ్ళల్లో తాళాలు వేసుకుని కూర్చున్న ఆ కరోనా రోజుల్లో నికొలస్ కొన్నాడు. ఇప్పుడు దాని మీద జాక్వెలిన్ పనిచేస్తుంది. ఓడ సరుకులు పంపే కంపెనీలో ఉద్యోగం ఆమెది. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకు వెళుతుంది, మిగతా రోజులు ఇంట్లోంచే. కోడలు ఆఫీసుకు వెళ్ళిన రోజుల్లో ఇవాంజలిన్ వంట ముగించి, తలుపు గడియ పెట్టి, ఆ కంప్యూటరు ముందు కూర్చునేది. అత్త ప్రసంగాలు వింటుందని జాక్వెలినే ఆమెకు దాన్ని తెరవడం, అడిగింది వెతకడం నేర్పింది.

తెలుగు అక్షరాలు అని ఇంగ్లీషులో కొడితే వచ్చేవన్నీ పసిపిల్లల సైట్లే. బొమ్మల ఆవు, బొమ్మల ఇల్లు, పక్కన ఒక అక్షరం. అరవై దాటిన మనిషి ఆవు బొమ్మ ముందు కూర్చుని ‘ఆ’ అని దిద్దుకోవడం ఆమెకే సిగ్గనిపించేది. అయినా మొదటిసారి ‘అమ్మ’ అనే మాటని తండ్రి గ్రంథంలో తనంతట తను పోల్చుకున్న రోజు ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఆ సైట్లలో ఏది తెరిచినా ముందు ఒక డబ్బా అడ్డం వచ్చేది. ఈ సైటు కుకీలు వాడుతుంది, మీకు సమ్మతమేనా అని ఇంగ్లీషులో ఏదో పెద్ద పురాణం. కింద రెండు మీటలు. పెద్దది, ఆకుపచ్చది: ఏక్సెప్ట్ ఆల్. చిన్నది, బూడిద రంగుది, కనపడీ కనపడనట్టు: మేనేజ్ సెట్టింగ్స్. ఇవాంజలిన్ ప్రతిసారీ పెద్దదే నొక్కేది. అది ఆమె పెంపకం. ఎస్టేటు పక్కన కంపోంగులో, అంటే మలాయిల పల్లెలో, తినమని పెట్టింది వద్దని లేచి వస్తే దారిలో పామో తేలో కాటేస్తుందని నమ్మేవాళ్ళు. కడుపు నిండుగా ఉన్నా ఆ పళ్ళేన్ని వేలితో ముట్టి రావాలి. తెలుగువాళ్ళకీ, తమిళులకీ ఆ భయం అంటుకుంది. అడిగిన మనిషిని కాదనకూడదు అనేదే ఆమెకు తెలిసిన మర్యాద. ఎదుట ఉన్నది మనిషి కాదని ఆమెకు తోచలేదు. పసిపిల్లల అక్షరాల సైటు నుంచి తెర మీదే పసిపిల్లల చెక్క దిమ్మల దుకాణానికి, అక్కడి నుంచి ఉయ్యాలల దుకాణానికి, అడిగిన ప్రతి డబ్బాకీ సరే సరే అంటూ వెళ్ళింది.

ఇక్కడ జాక్వెలిన్ సంగతి చెప్పాలి. జాక్వెలిన్ తెలుక్ ఇంటాన్ అనే ఊరి పిల్ల. పెళ్ళయి ఆరేళ్ళు. కిందటి ఏడాది కడుపు పండింది, ఆరో నెలలో పోయింది. ఆ రోజుల్లో ఆమెకు నీళ్ళు పోసింది, కారప్పొడి అన్నం కలిపి ముద్దలు పెట్టింది, పక్కన పడుకుని వీపు నిమిరింది ఇవాంజలినే. కన్నతల్లి వచ్చి చూసి, నేను ఉన్నా ఇంతకంటే చెయ్యలేను అనేసి వెళ్ళింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో పసిపిల్లల మాట ఎవరూ ఎత్తరు. పక్కింట్లో బారసాల అయినా కిటికీ మూసేస్తారు.

ఒక మధ్యాహ్నం జాక్వెలిన్ ఆఫీసు మీటింగులో ఉంది. తన కంప్యూటరు తెర మీద ఉన్నది అవతల అందరికీ కనపడేట్టు పెట్టి, ఓడల రాకపోకల పేజీ చూపిస్తోంది. ఆ పేజీ పక్కన ఒక్కసారిగా పసిపాప బొమ్మ వచ్చింది. బోసినవ్వు, తెల్ల ఉయ్యాల, ‘మీ బుజ్జాయి కోసం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. దాని కింద ఇంకొకటి, పాలపొడి డబ్బా. అవతల ఎవరో ఆఫీసు మనిషి సంబరంగా, “ఏయ్ జాకీ, గుడ్ న్యూసా? కంగ్రాట్స్ లా!” అంది, ఈ దేశపు అలవాటు చొప్పున మాట చివర ‘లా’ తగిలించి. తక్కిన వాళ్ళూ అందుకున్నారు.

జాక్వెలిన్ కంప్యూటరు మూసి లేచి గదిలోకి వెళ్ళింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఇవాంజలిన్‌కి ఏడుపు వినపడింది. ఏమైందో తెలియక పరిగెత్తింది. “ఏటయ్యిందమ్మా? ఎవులేటన్నారు?” అని ఒళ్ళోకి తీసుకుంది. విన్నాక ఆ దుకాణాలవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టింది కూడా. అది తన వల్లేనని అప్పటికి ఆమెకు నిజంగానే తెలియదు.

తెలిసింది సాయంత్రం. నికొలస్ రాగానే జాక్వెలిన్ నిలదీసింది.

“వారం రోజులబట్టి సూస్తన్నాను. ఏది తెరిసినా ఉయ్యాలలే. నాకు కనపడాలనే సూస్తన్నావా నువ్వు?”

“నానెందుకు సూస్తాను? నాకేటి బుర్ర లేదా?” అన్నాడు నికొలస్. కాసేపు కంప్యూటరు ముందు కూర్చుని గెలికి, “ఇది కుకీల పని. మనం ఏ సైటు తెరిసినా అది మన జాడ గుర్తెట్టుకుంటాది. ఎవులో పిల్లల సైట్లు తెరిసి, అడిగినదానికల్లా ఓకే కొట్టీసినారు. అందుకని ఎనకాల పడి వస్తన్నాయి,” అన్నాడు.

“ఎవులో అంటే ఎవులు? ఇంట్లో ముగ్గురం.”

“నాను కాదు.”

“మరి అత్తంటావా?”

నికొలస్ నవ్వేశాడు. “అమ్మా? అమ్మకి ప్రసంగం ఎట్టుకోడం వస్తే అదే పదివేలు.”

“నాకు తెలుసులే,” అంది జాక్వెలిన్. “అత్త నాకలాగ సెయ్యదు. అత్తకి నా బాధ తెలుసు.”

వంటింట్లోంచి అంతా వింటున్న ఇవాంజలిన్ చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నేనే, అక్షరాల కోసం, అనే రెండు మాటలు. అవి చెబితే ఆ పూటతో అయిపోయేది. కానీ ఎందుకు అక్షరాలు అని అడుగుతారు. అప్పుడు నలభై ఏళ్ళ గుట్టు ఈ వంటింట్లో విప్పాలి. కోడలి ముందు. కూడికలో తనని ఫోన్‌లో వీడియో తీసి, మా అత్త తెలుగు చదువుతుంది చూడండి అని అందరికీ పంపుకునే కోడలి ముందు. ఇవాంజలిన్ పప్పు వైపు తిరిగి గరిటె తిప్పింది. రేపు చెబుతాను అనుకుంది. ఆ రేపు వచ్చి వెళ్ళిపోయింది.

మనిషి తప్పు ఒప్పుకోకుండా సరిదిద్దాలనుకుంటాడే, అది మహా చెడ్డ తెలివి. ఇవాంజలిన్‌కి ఆ తెలివి పుట్టింది. ఆ ఉయ్యాలలు రాకుండా చేస్తే చాలు కదా, చెప్పాల్సిన పనేముంది అనుకుంది. కోడలు ఆఫీసుకు వెళ్ళిన రోజున కుకీలు తీసేయడం ఎలాగని తమిళ వీడియో ఒకటి పట్టుకుంది. అందులో అబ్బాయి రైలు తప్పిపోతున్నట్టు మాట్లాడాడు. ఆపి ఆపి, వెనక్కి పెట్టి పెట్టి విన్నది. మూలనున్న మూడు చుక్కలు నొక్కింది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళింది. ప్రైవసీ అన్నచోట, బయటివాళ్ళ కుకీలను అడ్డుకో అనే మీట జరిపింది. తర్వాత ‘డిలీట్’. ఎప్పటి నుంచి అని అడిగింది. మొదటి నుంచీ అనే దాన్ని ఎంచుకుంది. ఏమేమి అని అడిగింది. ఉన్న గళ్ళన్నిటిలో టిక్కులు పెట్టింది. చెరిపేసింది.

తర్వాత ఓడల పేజీ తెరిచి చూసింది. పక్కన కారు టైర్లు, బీమా కంపెనీ. ఉయ్యాల లేదు, బోసినవ్వు లేదు. పీడ వదిలింది అనుకుంది. స్తోత్రం కూడా చెప్పుకుంది. ఆ పూట కోడలికి ఇష్టమని కొబ్బరిపాల పాయసం చేసింది.

మర్నాడు పొద్దున్నే జాక్వెలిన్ పనికి కూర్చుంది. ఆఫీసు పేజీ ఆమెను గుర్తుపట్టలేదు. మెయిలు గుర్తుపట్టలేదు. బ్యాంకు గుర్తుపట్టలేదు. ప్రతి చోటా నువ్వెవరు, సంకేతపదం ఏది అని మొదటికొచ్చాయి. ముందు కంప్యూటరు పాడైందనుకుంది. తర్వాత పాత సైట్ల జాబితా తెరిచి చూసింది. అది ఖాళీ. నిన్నటిదాకా ఈ ఇంట్లో ఎవరూ ఏదీ చూడనట్టు తెల్లగా ఉంది.

నికొలస్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

“మొత్తం తుడిసీసినావు,” అంది జాక్వెలిన్.

“ఏటి తుడిసీసినాను?”

“జాడ ఎలాగుంటాదో సెప్పినోడివి నువ్వే. ఇంట్లో ఆ పని తెలిసినోడివీ నువ్వే. తప్పు సెయ్యనోడికి తుడవాల్సిన పనేటి? ఎవులకోసం సూసినావు ఆ ఉయ్యాలలు? ఎక్కడుంది ఆవిడ?”

నికొలస్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. కోపం వస్తే ఏమంటాడో అతనికే తెలియదు. “నీకు నిలవలేదని ఊర్లో ఉయ్యాలలన్నీ నా నెత్తిన ఎడతావా?” అనేశాడు. అనేసి తనే నోరు మూసుకున్నాడు. జాక్వెలిన్ కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఆమె ఏడవలేదు కూడా.

“అమ్మా,” అన్నాడు నికొలస్. “నువ్వైనా సెప్పమ్మా. నానలాటోడినా?”

ఇవాంజలిన్ అక్కడే సోఫాలో ఉంది. ఒళ్ళో తండ్రి గ్రంథం ఉంది. కొడుకు తన వైపు చూస్తున్నాడు. కోడలూ చూసింది, అత్త చెబితే నమ్ముతాననే చూపు అది. చివరికి ఆమె నోట వచ్చిన మాట ఇది:

“ఇంట్లో గొడవలు మంచివి కావు. ఇద్దరూ ప్రార్థన సేసుకోండి.”

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె తనను తాను ఎంత అసహ్యించుకుందో చెప్పడం కష్టం. స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తన చెంప తనే వాయించుకుంది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని దాక్కుంది. కొడుకుని ఎండలో నిలబెట్టి తను నీడలో కూర్చుంది. ఆ రోజు ఆమెకు ముద్ద దిగలేదు. అయినా నోరు విప్పలేదు. భార్యాభర్తలు రేపటికి సర్దుకుంటారులే అని తనకు తను నచ్చజెప్పుకుంది.

వాళ్ళు సర్దుకోలేదు. మాటలు ఆగిపోయాయి. ఆ శనివారం కూడిక వీళ్ళింట్లోనే. జాక్వెలిన్ పొద్దున్నే లేచి వచ్చేవాళ్ళందరికీ సరిపడా మీహూన్ వేపింది, ఇల్లు తుడిచింది, గ్లాసులు కడిగి బోర్లించింది. మధ్యాహ్నం నికొలస్ కుర్చీల కోసం చర్చికి వెళ్ళాక గదిలో బ్యాగు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఇవాంజలిన్ గుమ్మంలో నిలబడి చూసింది.

“తెలుక్ ఇంటాన్ ఎల్తన్నాను అత్తా. బస్సుకి టైమవుతాది,” అంది జాక్వెలిన్ బట్టలు మడుస్తూనే. “వచ్చినోళ్ళు అడిగితే మా అమ్మకి బాగోలేదని సెప్పండి. మీకు తలవంపులు రాకూడదు.”

తను పోతూ పోతూ అత్త పరువు గురించి ఆలోచిస్తోంది ఆ పిల్ల. ఇవాంజలిన్‌కి తల కొట్టేసినట్టయింది.

“ఆ సైట్లు తెరిసింది నాను,” అంది.

జాక్వెలిన్ చేతులు ఆగాయి. “ఏ సైట్లు?”

“పిల్లలవి. అచ్చరాలు నేర్సుకుందామని. నాకు తెలుగు సదవడం రాదమ్మా. ఎప్పుడూ రాదు. మా అయ్య సదివింది నోటికొచ్చు, అంతే. అచ్చయ్యగారు వరసగా సదవమన్నారు. సిగ్గేసి ఎవులికీ సెప్పలేదు. అక్కడ ఏటడిగితే దానికి సరే అని నొక్కీసినాను. అవి నీ ఎనకాల పడతాయని తెల్దు.”

జాక్వెలిన్ మంచం మీద కూర్చుండిపోయింది. “అయితే ఆయన కాదా?” అంది. మళ్ళీ, “ఆయన కాదు,” అంది తనలో తనే. ముఖం మీద చెయ్యి పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియని చప్పుడు చేసింది. ఇవాంజలిన్ గుండె తేలికపడింది. ఇంత సులువా అనుకుంది. పక్కన కూర్చుని కోడలి వీపు మీద చెయ్యి వేయబోయింది.

“తుడిసింది కూడా మీరేనా?” అని అడిగింది జాక్వెలిన్.

“నానే. నీ కంటబడకూడదని.”

“ఆ రోజు మీరు వంటింట్లో ఉండగా ఆయన కుకీల సంగతి సెప్పినప్పుడు మీకు తెలిసిపోనాది కదా, అది మీ వల్లేనని?”

ఇవాంజలిన్ చెయ్యి గాలిలోనే ఉంది. “తెలిసిపోనాది.”

“మొన్న నాను ఆయనకి ఇంకో ఆడదాన్ని అంటగట్టినప్పుడు? ఆయన నన్ను ఆ మాట అన్నప్పుడు?”

“అప్పుడూ తెలుసమ్మా.”

“తెలిసే ప్రార్థన సేసుకోమన్నారు.”

ఇవాంజలిన్ చెయ్యి దించేసుకుంది.

“సదవడం రాకపోతే రాలేదు అత్తా. దానికేటి?” అంది జాక్వెలిన్. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని ఇవాంజలిన్‌కి అనిపించింది. “నా ఏడుపు ఇనడానికి మీకు సదువు గావాలా?”

జాక్వెలిన్ లేచి బ్యాగు మూసింది. “ఆయన్ని అన్నదానికి నాను ఫోన్ సేసి మన్నించమని అడుక్కుంటాను. మీరు సేసింది మీరే సెప్పుకోండి, నాను సెప్పను. నాలుగు రోజులు మా అమ్మ దగ్గరుంటాను. ఇప్పుడు నాకు ఈ ఇంట్లో ఊపిరాడదు.” టాక్సీ వచ్చింది. వెళ్ళేటప్పుడు మీహూన్ మీద మూత పెట్టానని, చల్లారితే వేడి చెయ్యమని చెప్పి మరీ వెళ్ళింది.

కాసేపటికి నికొలస్ కుర్చీలతో వచ్చాడు. భార్య గది తలుపు మూసి ఉంటే లోపలే ఉందనుకున్నాడు. తట్టడానికి మనసొప్పక కుర్చీలు వరసగా వేసుకున్నాడు. అడిగితే చెబుదామని ఇవాంజలిన్, చెబితే విందామని నికొలస్ అన్నట్టు ఇద్దరూ ఒకరి పక్క నుంచి ఒకరు తిరిగారు. ఈలోగా జనం వచ్చేశారు.

పాటలయ్యాయి. ప్రార్థనయింది. అచ్చయ్య పెద్దాయన గొంతు సవరించుకుని, “మన ఇవాంజలిన్‌కి కళ్ళు బాగయినాయి. దేవుడికి స్తోత్రం. మొదటి పేజీ తియ్యమ్మా,” అన్నాడు. పాపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవడానికి ముందే సిద్ధమైంది.

ఇవాంజలిన్ లేచి నిలబడింది. గ్రంథం తెరిచింది. ఇన్నాళ్ళు దిద్దినందుకు అక్కడక్కడ కొన్ని అక్షరాలు పలకరించాయి గానీ వత్తులు, గుణింతాలు అన్నీ కలిసి చిక్కుపడిపోయాయి. మూసేసింది.

“నాకు తెలుగు సదవడం రాదు,” అంది. “ఇన్నాళ్ళూ కంఠతా అప్పజెప్పినాను. మిమ్మల్నందరినీ మోసం సేసినాను.”

ఇల్లు కూలుతుందనే ఆమె అనుకుంది. పాపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ముసలిది నవ్వుతోంది.

“ఓసి పిచ్చిదానా, మాకు తెల్దేటే?” అంది. “నలభై ఏళ్ళుగా సూస్తన్నాం. ఎంతసేపు సదివినా నీ పేజీ తిరగదు కదే!”

ఆ మాటతో అందరూ గొల్లుమన్నారు. వెనక వరసలో ఎవరో, “మాలో మాత్రం ఎవులికొచ్చు లా!” అన్నారు. అచ్చయ్య పెద్దాయన కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, “నాకూ నా పేరు దాకే వచ్చును తల్లీ. నీ గొంతు ఇంటే మీ అయ్య గుర్తొస్తాడు, అందుకే సదవమంటాం. మొదటి పేజీ అన్నా నీకొచ్చిందే సెప్తావనుకున్నాను. కళ్ళు బాగోలేవన్నావు, ఊరుకున్నాం. ఇబ్బందని అనుంటే పాతవే సెప్పేదానివి, కాదనేవోళ్ళెవులు?” అన్నాడు.

వాళ్ళ నవ్వులో ఎగతాళి లేదు. అంతా అభిమానమే. అందుకే ఇవాంజలిన్ సిగ్గుతో చితికిపోయింది. తను కాపలా కాసిన గుట్టు ఊరందరికీ తెలిసినదే. తెలియనిది ఒక్క జాక్వెలిన్‌కి, తనని అందరికంటే ఎక్కువ నమ్మిన పిల్లకి. దాచడానికి ఏమీ లేనిదాన్ని దాచడం కోసం ఆ పిల్లనీ, కడుపున పుట్టిన కొడుకునీ ఒకరి మీద ఒకరిని వదిలి చూస్తూ కూర్చుంది.

నికొలస్ టీ గ్లాసుల పళ్ళెం తెచ్చాడు. తల్లి చెప్పింది అతనూ విన్నాడు. ఎవరికీ కోపం రాలేదని చూసి అతనూ కొంచెం నవ్వుతున్నాడు. పాపమ్మ గ్లాసు అందుకుంటూ చుట్టూ చూసింది.

“ఏదీ, కోడలు కనపడదేటి? మీహూన్ ఆ పిల్లే సేసుంటాది, వాసన తెలిసిపోతంది. ఎక్కడికెళ్ళినాది?”

నికొలస్ గది వైపు చూశాడు. వాళ్ళ అమ్మకి బాగోలేదు అనే మాట ఇవాంజలిన్ నాలుక చివర సిద్ధంగా ఉంది. జాక్వెలినే ఇచ్చిపోయిన మాట. అనేస్తే టీలు తాగి, మీహూన్ తిని, అందరూ ఇళ్ళకు పోతారు.

“తెలుక్ ఇంటాన్ ఎల్లిపోనాది,” అంది ఇవాంజలిన్, కొడుకు ముఖంలోకి చూస్తూ. “నా మూలంగా ఎల్లిపోనాది. ఆ ఉయ్యాలలు సూసిందీ నానే నికొలసూ, తుడిసీసిందీ నానే. నీ మీద నింద పడతంటే అక్కడే కూకుని సూసినాను.”

నికొలస్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.